పాత రికర్వ్ విల్లులు సేకరించాలనుకునే కొత్తవాళ్లకి: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చూడాలి, ఏం కొనకూడదు

అమెరికాలో ఉంటూ శనివారాలు గరాజ్ సేల్స్‌కి వెళ్లే అలవాటున్నవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. పాత ఫిషింగ్ రాడ్లు, తుప్పుపట్టిన పనిముట్ల మధ్య అయిదడుగుల విల్లు ఒకటి గోడకి ఆనించి ఉంటుంది. మధ్యలో నున్నటి చెక్క పిడి, రెండు చివర్లూ ముందుకి ఒంపు తిరిగి ఉంటాయి. ఇవే రికర్వ్ విల్లులు. 1950ల నుంచి 1970ల దాకా అక్కడి వేటగాళ్లూ, సరదాగా బాణాలు వేసేవాళ్లూ లక్షణంగా వాడుకున్నవి.

ఇవి ఇంకా ఇన్ని దొరకడానికి కారణం ఉంది. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ అనే ఆయన కప్పీలతో నడిచే కాంపౌండ్ విల్లు కనిపెట్టి, 1966లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. 1969లో పేటెంట్ వచ్చింది. పూర్తిగా లాగాక చేతిమీద బరువు తగ్గిపోయే విల్లు దొరికేసరికి, డెబ్భైల్లో వేటగాళ్లు చాలామంది అటు మళ్లారు. పాత రికర్వ్‌లు అటకెక్కాయి. ఇప్పుడు ఆ ఇళ్లు ఖాళీ చేస్తుంటే అవి మళ్లీ బయటికొస్తున్నాయి.

ఈ సరుకు అమ్మేవాళ్లలో ఎక్కువమందికి దాని గురించి తెలియదు. తాతగారిది అంటారు, చాలా పాతది అంటారు, విలువైనది అంటారు. వాళ్ల మాటలు వింటూనే, విల్లు మీద ఏముందో మన కళ్లతో మనం చదవగలగాలి. ఈ వ్యాసమంతా దాని గురించే.

మొదటి మెట్టు: విల్లు దేనితో తయారైందో గుర్తుపట్టడం

స్థూలంగా మూడు రకాలు కనబడతాయి. ఒకే చెక్కలోంచి చెక్కినవి మొదటి రకం. యూ చెట్టు, ఒసేజ్ ఆరెంజ్ లాంటి కలపతో చేస్తారు. ఫైబర్‌గ్లాస్ రాకముందు ఇవే రాజ్యమేలాయి. ఇవి గోడమీద అందంగా ఉంటాయి, కానీ ఎనభై ఏళ్లు పైబడిన చెక్క విల్లుని లాగి చూడాలన్న ముచ్చట మాత్రం వద్దు. ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.

రెండోది పొరలు అతికించి చేసినది. మధ్యలో సాధారణంగా మేపుల్ చెక్క పల్చటి పట్టీలు, ముందూ వెనకా ఫైబర్‌గ్లాస్ పొర ఉంటాయి. మధ్యలో పట్టుకునే మందపాటి చెక్క భాగాన్ని రైజర్ అంటారు, పైనా కిందా వంగే భాగాల్ని లింబ్స్ అంటారు. అరవై ఏళ్ల విల్లు ఈరోజుకీ బాణం విసరగలుగుతోందంటే అది ఆ ఫైబర్‌గ్లాస్ చలవే. కొత్తగా సేకరించేవాళ్లు వెతకాల్సింది ఈ రకమే.

మూడోది అచ్చంగా ఫైబర్‌గ్లాస్‌తో పోతపోసినది. పిల్లల కోసం, వేసవి క్యాంపుల కోసం కుప్పలుతెప్పలుగా చేశారు. పక్కనుంచి చూస్తే చెక్క పొరలు కనబడవు, అంతా ఒకే రంగులో ఉంటుంది. పిల్లలు ఆడుకోవడానికి బాగుంటుంది గానీ, దీన్ని వింటేజ్ అని అరవై డాలర్లు చెబితే నవ్వి వచ్చేయండి.

రెండో మెట్టు: ఒకే కంపెనీని పట్టుకోవడం

కొత్తలో కనబడినవన్నీ కొనాలనిపిస్తుంది. అలా కొంటే పది విల్లులుంటాయి, ఒక్కదాని గురించీ గట్టిగా ఏమీ తెలియదు. ఒక కంపెనీని, వీలైతే ఒక పదేళ్ల కాలాన్ని ఎంచుకోండి.

నా ఓటు బేర్ ఆర్చరీకి. ఫ్రెడ్ బేర్ 1902లో పెన్సిల్వేనియాలో పుట్టాడు, 1933లో డెట్రాయిట్‌లో కంపెనీ పెట్టాడు, 1947లో దాన్ని మిషిగన్‌లోని గ్రేలింగ్ అనే చిన్న ఊరికి మార్చాడు. 1978లో కంపెనీ ఫ్లోరిడాలోని గేన్స్‌విల్‌కి వెళ్లింది. 1988లో ఆయన అక్కడే చనిపోయాడు. ఈ ఊళ్ల పేర్లూ, ఏళ్లూ గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తాయి. బేర్ విల్లులు విపరీతంగా తయారయ్యాయి కాబట్టి ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి. పైగా వాటి పాత కేటలాగ్‌లు చాలావరకు ఇంటర్నెట్‌లో స్కాన్ చేసి ఉన్నాయి. కొత్తవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి!

బేర్ పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి మొదట్లో తికమక పెడతాయి. కోడియాక్ అంటే కంపెనీ గర్వంగా చూపించుకున్న వేట విల్లు. కోడియాక్ మాగ్నమ్ 52 అంగుళాల పొట్టి విల్లు. సూపర్ మాగ్నమ్ ఇంకా పొట్టిది, 48 అంగుళాలే. సూపర్ కోడియాక్, కోడియాక్ హంటర్ రెండూ 60 అంగుళాలు, కానీ పిడి ఆకారం, చెక్క వేరు. గ్రిజ్లీ మధ్యతరగతి జేబుకి సరిపోయేది, 58 అంగుళాలతో ఎక్కువగా కనబడుతుంది. మొదటి విల్లుగా గ్రిజ్లీనో, కోడియాక్ హంటరో కొనమంటాను. పొట్టివి చూడముచ్చటగా ఉంటాయి గానీ, నారిని బాగా వెనక్కి లాగితే వేళ్లని నొక్కేస్తాయి. పొడుగు చేతులవాళ్లకి అసలు నప్పవు.

మిగతా కంపెనీల పేర్లు చెవిన పడి ఉంటే చాలు. ఆర్కాన్సాలోని పైన్ బ్లఫ్ నుంచి బెన్ పియర్సన్, వాషింగ్టన్ రాష్ట్రం యాకిమా నుంచి డేమన్ హోవాట్ (1976లో మార్టిన్ కంపెనీ చేతికి వెళ్లింది), టెక్సస్‌లోని జాక్సన్‌విల్ నుంచి వింగ్, మిషిగన్‌లోని కలమజూ నుంచి ఫిషింగ్ సామాన్లు చేసే షేక్‌స్పియర్. అసలు పేరుపొందిన తుపాకుల కంపెనీ బ్రౌనింగ్ కూడా విల్లులు అమ్మింది. వీటిల్లో హోవాట్ పనితనం చూసి తీరాల్సిందే. ధర మాత్రం బేర్ అంత పలకదు, ఎందుకో నాకు అర్థం కాదు.

మూడో మెట్టు: వయసు చదవడం

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే.

బేర్ విల్లు లింబ్ మీద పేటెంట్ నంబర్ల పక్కన "కెనడా 1953" అని అచ్చువేసి ఉంటుంది. దాన్ని చూసి అమ్మేవాళ్లు "1953 నాటి అరుదైన విల్లు" అని ప్రకటన ఇచ్చేస్తారు. నిజానికి అది కెనడాలో పేటెంట్ వచ్చిన ఏడాది. అరవైల్లో చేసిన విల్లుల మీద కూడా ఇదే ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే మీ జేబులో చాలా డబ్బులు మిగులుతాయి. ఎవరైనా "1953 బేర్" అంటే వాదన పెట్టుకోకండి, మిగతా గుర్తులు చూసి మీ ధర మీరు చెప్పండి.

రెండో గుర్తు, పిడి దగ్గర చెక్కలో పొదిగిన చిన్న నాణెం. దాని మీద ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. ఈ నాణేలు 1950ల చివర్లో మొదలయ్యాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి లోహం, రంగు మారుతూ వచ్చాయి. వేలితో తడమండి. నాణెం చెక్కతో సమానంగా, గోరు ఎక్కడా తట్టుకోకుండా జారిపోతే సుమారుగా 1970ల మొదటి ఏళ్లలోపుది. చెక్కకన్నా కాస్త ఉబ్బెత్తుగా తగిలితే ఆ తర్వాతది. ఫొటోలో ఈ తేడా కనబడదు కాబట్టి, దూరం నుంచి కొంటున్నప్పుడు నాణేన్ని పక్కవాటుగా ఫొటో తీసి పంపమనండి.

మూడోది ఊరి పేరు. గ్రేలింగ్ అని ఉంటే సాధారణంగా 1978కి ముందుది, గేన్స్‌విల్ అని ఉంటే ఆ తర్వాతది. నాలుగోది చెక్క. డెబ్భైల్లో బేర్ వాళ్లు మేపుల్‌కి రెసిన్ పట్టించి, ఫ్యూచర్‌వుడ్ అనే పేరుతో రైజర్లు చేశారు. మామూలు చెక్కకన్నా బరువుగా, దట్టంగా ఉంటుంది, చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది.

వీటన్నిటినీ పాత కేటలాగ్‌తో సరిచూడండి. ఒకే పేరుతో ఏటా విల్లు వచ్చినా, చెక్క రకం, గ్లాస్ (అంటే పైనున్న ఫైబర్‌గ్లాస్ పొర) రంగు, పొడవు మారుతుండేవి. మోడల్ పేరు, పొడవు, చెక్క, గ్లాస్ రంగు, నాణెం ఈ అయిదూ ఒకే ఏడాది కేటలాగ్‌తో కలిస్తే ఇక దాని వయసు గురించి టెన్షన్ అక్కర్లేదు. సీరియల్ నంబర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే పని జరగదు.

పొడవు, బరువు, సీరియల్ నంబర్ ఇవన్నీ ఫ్యాక్టరీలో ఎవరో చేత్తో సిరాతో రాసినవే. 58 అంగుళాలు, 45 పౌండ్లు అనే అంకెలు వాలుగా, ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటాయి. 45 పౌండ్లు అంటే నారిని 28 అంగుళాల దాకా లాగినప్పుడు చేతిమీద పడే బలం. మీ చేతులు పొట్టివై 26 అంగుళాలే లాగితే నాలుగైదు పౌండ్లు తగ్గుతుంది. ఆ చేతిరాత చెరిగిపోయి ఉంటే విల్లుని ఎవరో గీకి, మళ్లీ పాలిష్ చేశారని అనుమానించాలి.

నాలుగో మెట్టు: చేతిలోకి తీసుకుని పరీక్షించడం

ముందు నారి ఉందా, ఉంటే సరిగ్గా ఎక్కించారా చూడండి. రికర్వ్‌ని నారి లేకుండా చూస్తే చివర్లు ముందుకి వంగి ఉంటాయి. తెలియనివాళ్లు ఆ వంపు వైపే నారి కట్టేస్తారు. విల్లు ఆంగ్ల అక్షరం సీ లాగా గుండ్రంగా కనబడుతుంది, ఆ వంపు ఉండాల్సిన దిక్కుకి వ్యతిరేక దిక్కులో ఉంటుంది. ఆన్‌లైన్ ప్రకటనల్లో ఇలాంటి ఫొటోలు కనబడుతూనే ఉంటాయి. అలా కొన్ని నెలలు గోడకి వేలాడిన విల్లు లోపల ఎంత దెబ్బతిందో బయటికి తెలియదు. దాన్ని అలంకరణకి తప్ప కొనకండి.

తర్వాత చివర్లు. నారి పట్టుకునే గాడిని నాక్ అంటారు. ఫోన్ టార్చ్ వేసి ఆ గాడి చుట్టూ పగుళ్లున్నాయేమో చూడండి. గాడి చుట్టూ పొరలు విడిపోతుంటే సన్నటి నల్లగీతలా కనబడుతుంది. గోరుతో నెమ్మదిగా నొక్కి చూడండి, గీత తెరుచుకుంటే అక్కడితో పరీక్ష అయిపోయినట్టే.

ఇప్పుడు దూది. మందుల షాపులో దొరికే మామూలు దూది ఉండని లింబ్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి, ముందూ వెనకా అంచులూ వదలకుండా నెమ్మదిగా లాగండి. గ్లాస్ ఎక్కడ పెచ్చు లేచినా దూదిపోగు అక్కడ చిక్కుకుంటుంది. కళ్లకి కనబడనిది దూదికి దొరుకుతుంది. చేత్తో తడిమితే ఆ పెచ్చులు వేలిలో గుచ్చుకుంటాయి, అందుకే దూది.

లింబ్ మీద సన్నటి గీతలు కనబడితే కంగారుపడొద్దు. అవి నిలువుగా, అంటే లింబ్ పొడవు వెంబడి ఉంటే చాలావరకు పైపూత గీతలే, పాత బేర్ విల్లుల్లో సర్వసాధారణం. అడ్డంగా ఉంటే మాత్రం అనుమానించాలి. ముఖ్యంగా లాగేవాడి వైపు, నారి వైపు ఉండే ముఖం మీద అడ్డగీత గోరుకి తట్టుకుంటే, గ్లాస్ నలిగిందని అర్థం. ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

వంకర చూడాలంటే నారి ఎక్కించి, ఒక చివర కంటికి దగ్గరగా పెట్టుకుని, నారి వెంబడి చూడండి. రెండు చివర్లలోనూ నారి లింబ్ మధ్యలో ఉండే గాడిలో పడుకుని ఉండాలి. ఒక పక్కకి జరిగి ఉంటే లింబ్ తిరిగిపోయినట్టు. కొద్దిపాటి వంకరని తెలిసినవాళ్లు సరిచేయగలరు, గాడి దాటిపోయేంత వంకర ఉంటే వదిలేయండి.

రైజర్‌లో స్క్రూ రంధ్రాలున్నాయా చూడండి. గురి చూసే సైట్ బిగించడానికి అప్పట్లో చాలామంది నిస్సంకోచంగా డ్రిల్ చేసేవాళ్లు. చిన్న రంధ్రాలతో బలానికి ప్రమాదం తక్కువే గానీ, సేకరించేవాళ్ల కళ్లకి విలువ తగ్గిపోతుంది. బేరమాడటానికి మీకు బాగా పనికొస్తుంది.

కుడిచేతివాటమో ఎడమచేతివాటమో కూడా అక్కడే తేల్చుకోండి. నారి మీ వైపు పెట్టుకుని విల్లు నిలబెడితే, బాణం కూర్చునే కోత ఎడమ పక్కన ఉంటే కుడిచేత్తో లాగేవాళ్లకి. అమ్మేవాళ్లు దీన్ని తరచూ తప్పు చెబుతారు.

అయిదో మెట్టు: కొనడం

ఎస్టేట్ సేల్స్ (ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా అమ్మేసేవి), యాంటిక్ మాల్స్, తాకట్టు షాపులు, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఈబే. ధర తెలుసుకోవాలంటే అడుగుతున్న ధరలు చూడకండి, ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టుకుని చూడండి. అడగడానికి ఎవరు ఎంతైనా అడుగుతారు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు రెండు చివర్లు, నాణెం, చేతిరాత, నారి ఎక్కించి చివరి నుంచి తీసిన ఫొటో అడగండి. ఆఖరిది పంపడానికి నసిగితే కారణం ఉంటుంది. రవాణా ఖర్చు ముందే కనుక్కోండి, అయిదడుగుల పొట్లానికి కొరియర్ వాళ్లు బాగానే గుంజుతారు. మందపాటి అట్ట గొట్టంలోనో, ప్లాస్టిక్ పైపులోనో పెట్టి పంపమని చెప్పండి.

ఆరో మెట్టు: నారి ఎక్కించి, మొదటిసారి లాగడం

పాత నారితో లాగొద్దు, కొత్తది కొనండి. డాక్రాన్ నారి, బీ-50 రకం అడగండి. ఇప్పటి కొత్తరకం నారులు సాగవు. బాణం వదిలినప్పుడు ఆ కుదుపంతా పాత విల్లు చివర్ల మీద పడి గాళ్లు చీలిపోతాయి. డాక్రాన్ కాస్త సాగి ఆ దెబ్బని తను తీసుకుంటుంది. నారి పొడవు విల్లు మీద రాసిన పొడవు కన్నా 3 నుంచి 4 అంగుళాలు తక్కువ ఉండాలి. 60 అంగుళాల విల్లుకి నారి కావాలని షాపువాళ్లకి చెబితే వాళ్లే ఇస్తారు.

ఎక్కించడానికి బో స్ట్రింగర్ అనే తాడు దొరుకుతుంది, పాతిక డాలర్లు కూడా ఉండదు. కాళ్ల మధ్య విల్లు దూర్చి తొడతో వంచే పాత పద్ధతి సినిమాలో బాగుంటుంది, లింబ్స్ తిరిగిపోయేది ఎక్కువగా ఆ పద్ధతివల్లే. నారి ఎక్కాక పిడి లోతైన చోటు నుంచి నారి దాకా కొలవండి. 60 అంగుళాల రికర్వ్‌కి ఏడున్నర, ఎనిమిది అంగుళాల ప్రాంతంలో ఉంటే బాగుంటుంది. తక్కువైతే నారిని విప్పి కాస్త మెలిపెట్టండి.

వెంటనే లాగకండి. కొన్ని గంటలు అలా ఉంచి, చిటచిట శబ్దాలు వస్తున్నాయా వినండి. తర్వాత ఆరేడు అంగుళాలు లాగి వదలకుండా వెనక్కి తీసుకురండి. అలా కొంచెంకొంచెంగా పెంచుకుంటూ, కొన్ని రోజులపాటు పూర్తి లాగుడు దాకా వెళ్లండి. కళ్లకి రక్షణగా అద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. బాణం లేకుండా నారి వదలడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. బాణంలోకి వెళ్లాల్సిన శక్తంతా లింబ్స్‌లోకే వెళ్లి విల్లు ముక్కలైపోవచ్చు. గరాజ్ సేల్‌లో పక్కవాళ్లు సరదాగా లాగి వదలబోతే ఆపండి, మొహమాటపడకండి.

విలువిద్యలో కొత్తవాళ్లయితే బరువు విషయంలో పౌరుషానికి పోకండి. అరవైల వేట విల్లులు ఎక్కువగా 45, 50 పౌండ్లవే దొరుకుతాయి. మొదటిసారి నేర్చుకోవడానికి 35, 40 లోపు చూసుకోండి. భుజం నొప్పితో నెలరోజులు కూర్చోవడం కన్నా అది మేలు.

ఏడో మెట్టు: దాచుకోవడం

నారి దించి, రెండు మేకుల మీద అడ్డంగా పడుకోబెట్టండి. ఒక చివర మీద నిలబెడితే కింది లింబ్ మెలిక పడుతుంది. ఎండాకాలంలో కారు డిక్కీలో వదిలేయకండి, వేడికి జిగురు మెత్తబడి పొరలు విడిపోతాయి. దుమ్ము పడితే కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, పేస్ట్ మైనం పల్చగా రాస్తే చాలు. ఉప్పుకాగితంతో గీకి కొత్త వార్నిష్ వేయాలన్న ఉత్సాహాన్ని అణుచుకోండి. ఆ చేతిరాత, స్టికర్, ఫ్యాక్టరీ పూత ఉన్నందుకే దానికి ఆ ధర.

ఇండియా నుంచి అడిగేవాళ్లకి ఒక మాట. ఇంట్లోనో, ఊళ్లోనో వందేళ్లు దాటిన విల్లు, బాణాలు ఉంటే అది వేరే లెక్క. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కిందకి వస్తుంది. సొంతంగా విదేశాలకి పంపడం నేరం. అమెరికాలో ఉన్న అబ్బాయికి బహుమతిగా సూట్‌కేసులో పెట్టకండి.

ఎనిమిదో మెట్టు: చూడటం, రాసుకోవడం, తర్వాత పెద్దవి

మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి వెళ్లే పనుంటే అక్కడ వేట, ఫిషింగ్ సామాన్లు అమ్మే బాస్ ప్రో షాపు ప్రాంగణంలో ఆర్చరీ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం చూడండి. చుట్టుపక్కల జరిగే సంప్రదాయ విలువిద్య సమావేశాలకి కూడా వెళ్లండి. అక్కడ పెద్దవాళ్లు అడగకుండానే తమ విల్లు మీ చేతికిచ్చి చెబుతారు. ప్రతి విల్లుకీ పుస్తకంలో ఒక పేజీ పెట్టుకుని పొడవు, బరువు, సీరియల్ నంబర్, కొన్న చోటు, ధర, లోపాలు రాసుకోండి. అమ్మేటప్పుడు ఆ పేజీ ఫొటో పెడితే కొనేవాళ్లకి నమ్మకం.

ఇవన్నీ చేతికి అలవాటయ్యాక పెద్ద చేపల వెంట పడొచ్చు. 1950 ప్రాంతంలో వచ్చిన తొలి కోడియాక్‌ల లింబ్స్‌లో అల్యూమినియం పొర ఉండేది. అది విడిపోవడం వాటికి పుట్టుకతో వచ్చిన జబ్బు కాబట్టి, దొరికితే చూసుకోవడానికి మాత్రమే, లాగడానికి కాదు. అందరూ కోరుకునేది 1959 కోడియాక్. దానికి కంపెనీ ఈమధ్య కాలంలో కొత్తగా నకలు కూడా చేసి అమ్మింది, కాబట్టి "59 కోడియాక్" అని కనబడగానే బయానా ఇచ్చేయకండి. ముందు చేతిరాత, గ్లాస్, నాణెం దగ్గరగా ఫొటోలు అడగండి.